పలచగా, రెండు పూతలు

నలభై ఒక్క ఏళ్లు
తుర్కు రేవులో ఓడలకు రంగులేశాను.
తాళ్ల మీద వేలాడుతూ
ఎకరాల కొద్దీ ఇనుముకు ఎరుపు పట్టించినవాణ్ణి.
ఇవాళ నా ముందు
మందుసీసా మూత మీద జిగురుముద్దతో నిలబెట్టిన
బొటనవేలి కణుపంత గోబ్లిన్.
ముక్కు నువ్వుగింజంత.
ఈటె పట్టుకుని నన్నే చూస్తున్నాడు.
చూస్తున్నాడనడం తప్పు,
కళ్లు ఇంకా నేనే పెట్టాలి.

నేర్పేది పిహ్లా. మూడో అంతస్తు పిల్ల,
పదమూడేళ్లు, పళ్లకు తీగలు,
చొక్కా అంచున ఎండిపోయిన ఊదారంగు.
లిఫ్టు చెడిన రోజు వాళ్ల సరుకుల సంచి మోశానని
ఈ బొమ్మ చేతిలో పెట్టింది.
"మొదటిది ఊరికే. తర్వాత మీ జేబు మీ ఇష్టం."

నవంబరులో మా ఫిన్లాండుకు
మధ్యాహ్నం మూడున్నరకే చీకటి.
దీపం కిందికి లాక్కుని కూచున్నాం.
పెరుగుడబ్బా మూతలో తడికాగితం,
దాని మీద బేకింగ్ కాగితం,
ఆ పైన బఠాణీగింజంత పచ్చరంగు.
కొత్తవాళ్లకు ఇంతకన్నా ఖరీదైనదేదీ అక్కర్లేదట.

బ్రష్షు మొదలంటా ముంచబోయాను.
మణికట్టు పట్టుకుని ఆపింది.
"చిక్కగా పూస్తే ముఖం పూడిపోతుంది.
నీళ్లు కలపండి, పాలలా జారాలి.
పలచగా, రెండు పూతలు.
మొదటిది ఆరాకే రెండోది."

దగ్గొచ్చేదాకా నవ్వాను.
ఆ మాటే, అచ్చంగా ఆ మాటే
ఎంతమంది కుర్రాళ్లకు అరిచి చెప్పానో
సముద్రపు గాలికి గొంతు చాలక!
చెట్టుకైనా ఓడకైనా
పూతను తొందరపెట్టకూడదు.

చిక్కంతా చేతితోనే వచ్చింది.
ఇరవై మీటర్ల గీతను తిన్నగా లాగిన చెయ్యి
వాడి బెల్టు మీది గుండీ దగ్గర వణికింది.
"మోచేతులు బల్ల మీద పెట్టండి.
మణికట్టుకు మణికట్టు ఆనించండి.
ఇప్పుడు మీరూ వాడూ కలిసి వణుకుతారు,
అంటే ఎవరూ వణకనట్టే."

తర్వాత కషాయంలాంటి గోధుమరంగు నీళ్లు
తల మీంచి పాదాల దాకా పట్టించమంది.
పాడైపోయాడన్నాను,
మురిక్కాలవలో పడి లేచినట్టున్నాడన్నాను.
"ఆగండి."
కాఫీ కాగి దిగేలోపు
ఆ నీరు బుగ్గల గుంటల్లోకి,
వేళ్ల సందుల్లోకి ఇంకి ఆరింది.
పక్కటెముకలు పైకి తేలాయి.
వాడు ఆకలితో ఉన్నాడని అప్పుడు తెలిసింది.

ఇక కళ్లు.
ఊపిరి బిగబట్టాను.
కుడికన్ను కుదిరింది.
ఎడమకన్ను వేళకు వీధిలో బస్సు పోయి
కిటికీ అద్దం అదిరింది.
మెల్లకన్ను.

చెరిపేస్తానన్నాను.
ఓడైతే ఇసుకతో గీకించి మళ్లీ మొదలెట్టేవాణ్ణి.
పిహ్లా చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కి
తన తొలిబొమ్మ తెచ్చి చూపించింది.
కరిగిపోయిన కొవ్వొత్తి,
ముఖమేదో వీపేదో దానికే తెలియాలి.
"మొదటిదాన్ని చెరపకూడదు.
వందోది దిద్దినరోజు పక్కన ఇదుండాలి."

ఎవరికీ చెప్పని సంగతి
ఆ పిల్లకెందుకు చెప్పానో:
మేం పూసిన ప్రతి ఓడలోనూ
అట్టడుగు నీటితొట్టి గోడ మీద,
ఆఖరిపూతకు ముందు
మా పేర్లు రాసుకునేవాళ్లం.
పైన నాట్యాల హాళ్లు, దీపాల వరసలు.
కింద చీకట్లో, రంగు కింద,
తౌనో, ఒస్మో, ఎడమచేతి రేయో.
ఏ కెప్టెనూ చదవలేదు.

పిహ్లా ఏమీ అనలేదు.
అన్నిటికన్నా సన్న బ్రష్షు కడిగి,
బొమ్మను మూత నుంచి ఊడదీసి,
తలకిందులు చేసి అందించింది.
నాణెమంత పీఠం.
పేరంతా పట్టలేదు, మొదటి అక్షరం పట్టింది.
దాని మీద పలచగా,
రెండు పూతలు.

వాడిప్పుడు కిటికీ గట్టున ఉన్నాడు,
ఒక కన్ను నా మీద,
ఇంకోటి రేవులో క్రేన్ మీద.
గురువారం పెట్టెలో
మరో పదకొండుమంది దిగుతున్నారు,
బూడిదరంగులో, గుడ్డివాళ్లుగా.
జేబు సంగతి పిల్ల ముందే చెప్పింది.