ఎడమది కాస్త పెద్దది

అట్‌బాషీలో నవంబరుకే నీళ్లు రాయవుతాయి.
ఉన్ని తడపాలంటే ముందు మంచును బతిమాలాలి.
వేడినీళ్లు, సబ్బు, మోచేతుల్లో మిగిలిన బలం.
మూడు గంటలు దొర్లిస్తే గొర్రె బొచ్చు చెప్పవుతుంది.

ఆ రోజు మధ్యలో మా ఆయన కేకేశాడు,
ఆవు ఈనుతోందని.
తిరిగొచ్చేసరికి ఎడమది చల్లారిపోయింది,
ఎంత రుద్దినా ఇక బిగియలేదు.
అమ్మకానికి పెడుతూ ఉన్నదున్నట్టు రాశాను:
“ఎడమది కాస్త పెద్దది. తప్పు నాది కాదు, దూడది.”
ఫోటోలో నా చేతి బొటనవేలు కూడా పడింది,
కాలిన మచ్చతో సహా.
తీసేద్దామంది కూతురు తాజిగుల్.
ఉండనీవే, అన్నాను,
వేలు లేకుండానే వచ్చిందా ఆ చెప్పు?

ఆ జత అమ్ముడైంది. అలాంటిదే కావాలని
ఇంకో ముగ్గురు అడిగారు.
ఈసారి దూడ సాయం లేకుండా చేశాను.

జనవరిలో తాజిగుల్ ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.
ఎక్కడిదో పెద్ద దుకాణం,
పేరులో ఆరక్షరాలు, అర్థం ఒక్కటీ లేదు.
అందులో నా చెప్పులు, నా మచ్చ,
నా మాటలు చివరి చుక్క దాకా.
దూడను కూడా వదల్లేదు!
ఆవే లేనివాళ్లకు దూడెక్కడిదమ్మా?
ధర నా ధరలో మూడో వంతు. జతలు వేలల్లో.
ముందు నవ్వాను.
తర్వాత లెక్క వేశాను.
తర్వాత నవ్వలేదు.

ఫిర్యాదు ఫారంలో పదకొండు గళ్లు.
ఏడో గడి అడిగింది:
ఈ మాటలు మీవేనని రుజువేమిటి?
దూడను తోలుకెళ్లి నిలబెట్టనా?
అదిప్పుడు నా మాట కూడా వినదు.
బొటనవేలు కెమెరా ముందు పెట్టాను,
మచ్చకు మచ్చ సరిపోయింది.
తొమ్మిది రోజులకు ఆ దొంగ సరుకు మాయమైంది.
పదో రోజు ఇంకో పేరుతో లేచింది,
ఈసారి నా వేలు చెరిపేసి.
పట్టుకున్న చెయ్యి లేక
చెప్పు గాల్లో వేలాడుతోంది.

ఇప్పుడు ప్రతి బొమ్మ మీదా
అడ్డంగా మా పేరు రాస్తుంది తాజిగుల్,
గొర్రెపిల్ల చెవికి గాటు పెట్టినట్టు.
గాటున్నా గొర్రె పోవచ్చు.
దొరికిన రోజున మాత్రం
ఎవరిదని అడగక్కర్లేదు.

మార్చిలో ఉత్తరం వచ్చింది, గ్దాన్స్క్ నుంచి.
బోజెనా అట, పేరు. నిండా కోపం.
“మోసం చేశారు. రెండూ ఒకే సైజు.
బడాయిగా ఎడమది పెద్దదని ఎందుకు రాశారు?
ఆపరేషన్ అయ్యాక నా ఎడమ పాదం వాచే ఉంటుంది.
ఆరేళ్లుగా వెతుకుతున్నాను.
ఆ వాక్యం చూసి కొన్నాను.
పాత బొమ్మలు వెతికితే మీ పేరు దొరికింది.”

పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి.
నేను కదల్లేదు.
నా మాట ఎత్తుకెళ్లినవాడికి
మాట నిలబెట్టుకునే పని కూడా ఉంటుందని
ఎవరూ చెప్పినట్టు లేదు.

జవాబు రాశాను:
అమ్మా, ఆ జత నాది కాదు.
మాట నాదే, కనుక బాకీ నాదే.
డబ్బు వద్దు.
కాగితం మీద రెండు పాదాలూ పెట్టి
చుట్టూ పెన్సిలుతో గీసి పంపండి.
పొద్దున వద్దు, సాయంత్రం గీయండి,
వాపు బాగా ఉన్నప్పుడు.