గది నిశ్శబ్దం

"ఫ్రిజ్ ఆపేయండి అన్సెల్మో గారూ,
మళ్లీ వేయడం మరిచిపోకుండా
కారు తాళాలు అందులోనే పెట్టండి" అంది ఉర్వే,
తార్తూలో, నెత్తిన దుప్పటి కప్పుకుని.

పుంతా అరేనస్‌లో ఆయన
కోట్ల బీరువాలోకి దూరి కూచున్నాడు,
ఒళ్లో మైకు, పిల్లికూనలా.
రెండు రికార్డింగులూ కలవడానికి
ఒక్కసారి చేతులు చరిచాడు.
ఆ చప్పుడు ఆమె చెవికి
అరక్షణం ముసలిదై చేరింది.

ఓడల్లో వైర్‌లెస్ నడిపిన మనిషి.
"వినడమే మా ఉద్యోగం,
మాట్లాడితే జీతం కోసేవారు."

చివర్లో ఆమె
గది నిశ్శబ్దం ఒక నిమిషం కావాలంది.
నాలుగయింది.
ఆపే మీట ఇద్దరి దగ్గరా ఉంది.

మూడోనాడు ఫైలు వచ్చింది, మచ్చలేని గొంతు.
కింద రాశాడు:
కారు తీసే పని పడలేదు.
చేపలు కుళ్లాయి.
నిశ్శబ్దం మాత్రం కోయకండి.