డొల్ల చప్పుడు

మొండయ్య ఎడమచెయ్యి నాకు నోటికొచ్చు.
పదకొండేండ్లు నా ముక్కు మీదనే
దిద్దుకుంట నేర్చుకున్నడు.

పుట్టినోళ్లు పుట్టినట్టే పోతుంటే
వీడన్న నిలవాలని పెట్టిన పేరది.
ఢిల్లీల మైకు పట్టినోడు దాన్ని మూడు ముక్కలు చేసి పిలిచేటోడు.
నలభై ఎనిమిది కిలోలు.
కడుపునిండ తింటే నలభై తొమ్మిది.

తూకం ముందురాత్రి, రైలు పెట్టె తలుపు కాడ
స్వెటర్ మీద స్వెటర్ తొడిగి ఉరికినచోటనే ఉరికేటోడు.
నేను చింతకాయ విరిచి వాసన చూపెట్టేది.
నోట్ల నీళ్లూరాలె, గిలాసల ఉమ్మాలె,
పావుకిలో తగ్గాలె.
చింతకాయ మాత్రం నేనే తినేది.

గోదావరిఖనిల, బాయిల వాని పని
కట్టె పట్టుకొని పైకప్పును కొట్టి చూసుడు.
ఠంగుమంటే గట్టిబండ, కిందనుంచి మనుషులు పోవచ్చు.
దబ్బుమంటే డొల్ల.
రెండు చేతులు వెనక్కి చాపి
అందర్ని జరపాలె, దిమ్మెలు నిలవెట్టాలె.
"చేతితోటి కాదురా, చెవితోటి కొట్టాలె" అనేటోడు.

రింగుల గూడ అదే కొలువు.
మొదటి రౌండంత ఎడమచేత్తోటి
తట్టుడు, ఆగుడు, వినుడు.
భుజం మీద, మోచెయ్యి మీద, గ్లోవు మీద.
జనం కొట్టు కొట్టుమని గొంతులు చించుకునేది.
ఏ పక్కటెముక కిందనో దబ్బుమన్నది విన్నంకనే
కుడిచెయ్యి ఇప్పేటోడు.

మూడుసార్లు దేశంల వాడే మొదలు.
ఆటకు పైసలు ముట్టొద్దని రూలు.
ఒక టేబుల్ ఫ్యాను, ఒక స్టీలు బిందె,
కంపెనీ ఇచ్చిన నాలుగొద్దుల సెలవు.
ఐదో రోజు దిగితే ఆ నాగా కోసుకున్నరు.

ఎనభై ఏడుల, మాఘమాసం, రెండో షిఫ్టు.
గట్టిదే అన్నడు మొండయ్య.
బూర ఓదెలు కిందికి పోయిండు.
బండ అబద్ధమాడిందో, చెవి తప్పిందో
ఎంక్వయిరీ కాయితంల ఒక్క ముక్క రాలే.
ఓదెలు టిఫిన్ డబ్బా మాత్రం సొట్ట పడకుండ దొరికింది.

నెల తిరగకముందే ఫైనలు.
అవతల హర్యానా పోరడు, గడ్డం గూడ సరిగ రాలే.
రెండో రౌండుల వాని డొక్క దబ్బుమన్నది.
కింద బకెటు పట్టుకున్న నేను గూడ విన్న.
కుడిచెయ్యి లేవాలె.

మొండయ్య వెనక్కి జరిగిండు.
రెండు చేతులు వెనక్కి చాపిండు,
ఎనకాల ఎవలో నిలబడ్డట్టు.
ముఖం అట్లనే ఇడిసిపెట్టిండు.
జనం నవ్విన్రు.
రెఫరీ ఎనిమిది దాక లెక్కపెట్టిండు. వాడు కింద పడనేలే.

మళ్ల గ్లోవులు తొడగలే.
బాయి మాత్రం దిగిండు, ఇంక పందొమ్మిదేండ్లు.

నిన్న కమ్యూనిటీ హాలుల సన్మానం.
శాలువ కప్పిన్రు, బంగారు రంగు షీల్డు ఇచ్చిన్రు.
అధ్యక్షులవారు బొగ్గుబిడ్డ అనుకుంట గంట మాట్లాడిండు.
మొండయ్య షీల్డును చెవికాడ పెట్టుకొని
వేలి కణుపుతోటి రెండుసార్లు తట్టిండు.

నా దిక్కు చూసిండు.
కుర్చీ వెనక్కి జరుపుకున్నడు.