హోల్డాన్

పదిహేడేండ్లు ఆదోని-పత్తికొండ సర్వీసు.
నేను "హోల్డాన్" అంటే మద్దిలేటి బ్రేకు తొక్కుతాడు,
"రైట్" అంటే కదిలిస్తాడు.
అంత పెద్ద బండి నా నోటిమాట వింటాది.

నా లోపలిది మాత్రం
మొదటి మాట ఒక్కటే నేర్చుకున్నాది.

ఏం చేసేది?
ఒక స్టాపులో తలుపు ఉండాది, గడియ లేదు.
ఇంకో స్టాపులో గడియ ఉండాది, తలుపు లేదు.
పత్తికొండలో టమేటా గంపలు ఎక్కించే లోపల
టైమైపోతాది.
అందుకే కడుపుకు చెప్తాంటి: హోల్డాన్.
ఆదోని దాకా హోల్డాన్.
టికెట్ల లెక్క కట్టినంక,
ఇంటికి పోయి బియ్యం కడిగినంక చూద్దాం, హోల్డాన్.

ఇల్లు చేరినా, గడియ వేసుకున్నా,
గంటసేపు కూచున్నా
రైట్ అంటే దానికి తెలీల్యా.

సునాముఖాకు కషాయం. ఆముదం. ఇసబ్గోలు.
తెల్లారుజామున చెంబెడు ఉడుకునీళ్లు.
"నీళ్లు తాగవు, అదీ నీ రోగం" అన్నోళ్లే అందరూ.
తాగినవి యాడ పోసేదో
చెప్పినోళ్లు లేరు.

సిక్కు లీవు కాగితంలో ఏం రాయాలో తోచక
నడుమునొప్పి అని రాసిస్తి.
డిపో మేనేజరు మంచోడు, కనపడినప్పుడల్లా
"నడుము ఎట్లుందమ్మా సుంకులమ్మా" అంటాడు.
కదల్లేదు సార్, అంటా.

కర్నూలు పెద్దాసుపత్రిలో
చిన్న బుడగ పెట్టి, నీళ్లు నింపి,
"తోయమ్మా" అన్నారు.
తోసినా. తెర మీద గీత పైకి లేసింది.
డాక్టరు అద్దాలు తీసి తుడుచుకుంటా అన్నాడు:
"నువ్వు తోసేటప్పుడు ఆ కండ వదలాల.
నీది ఇంకా బిగిస్తాంది."
నాకు నవ్వొచ్చింది. ఆమైన ఏడుపొచ్చింది.
ఇన్నేండ్లు పేగుల్ని తిట్టుకుంటి.
పాపం వాటి తప్పేం లేదు,
గేటు కాడ కావలోడు
డ్యూటీ దిగేది మర్చిపోయినాడు.

ఫిజియో పాప పేరు షాహెదా.
అరచేత గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు.
నడుము కింద రెండు పట్టీలు అంటించి
"కరెంటు పెడతా, భయపడద్దు అక్కా" అన్నాది.

కరెంటంటే మా ఇంట్లో నడిరాత్రి మాట.
రెండు గంటలకు వస్తాది, లేసి చేనుకు పోవాల.
తడిచేత్తో స్టార్టరు ముట్టుకున్న మా చిన్నాయన
మళ్లీ ఇంటికి రాలేదు.
కండ్లు గట్టిగా మూసుకుంటి.

చీమలు.
మొదట చీమలు పారినట్ల,
ఆ తర్వాత చేటలో ఉలవలు చెరిగినట్ల,
నా ఒంట్లో నాకే తెలీని మూల
ఎవరో పేరు పెట్టి పిలిచినట్ల.

"ఇదేనా ఆ కండ?"
"ఇదే. ఉండాదని గుర్తు చేస్తాండాం.
కొందరికి పనికొస్తాది, కొందరికి రాదు, అబద్ధం చెప్పను.
ఉత్త కరెంటుతోనే కాదు,
వదిలేది నువ్వూ నేర్చుకోవాల."

ఇరవై నిమిషాలు. వారానికి రెండుసార్లు.
ఇంటికాడ కాళ్ల కింద పీట వేసుకోని,
ఊపిరి బొడ్డు కిందికి పంపిస్తా.
నలభై నాలుగేండ్లకు అఆలు.
బిగబట్టేది ఎవరూ నేర్పకనే వచ్చింది,
వదిలేదానికి ఇంత చదువు.

మూడో వారం ఏం లేదు.
ఐదో వారం మానేద్దామనుకుంటి, బస్సు ఛార్జీ దండగని
(స్టాఫు పాసు ఉండాది, ఊరికే అనుకుంటి).
తొమ్మిదో సిట్టింగు మర్నాడు, తెల్లారి,
కషాయం లేకుండా, ఆముదం లేకుండా
కొంచెం.
ఎవరికి చెప్పేది ఇట్లాంటి పండగ?
ఇత్తడి చెంబును రెండుసార్లు తోమినా.

రోజూ కాదు. కొన్ని దినాలు మళ్లీ పాత కథే.
డ్యూటీకి ఎక్కినా.

నిన్న ఆస్పరి దాటినంక
పెట్రోలు బంకు కాడ
కడుపులో సన్నగా ఒక పిలుపు.
బండి నిండా ఉల్లిగడ్డ మూటలు, నలభై మంది.
"హోల్డాన్" అన్నా.
మద్దిలేటి అద్దంలో చూసినాడు.
"ఇక్కడ స్టాపు లేదు గదా, ఎవరు దిగాల?"

నేనే, అన్నా.
టికెట్ మిషను సీటు మీద పెట్టి
మెట్లు దిగినా.