హాజరు పట్టీ

బాయిలర్ గది తాళంచెవి మా నాన్నది. ఇప్పుడు నాది.
పెన్సిల్వేనియా కొండల నడుమ
సెయింట్ హెడ్విగ్ హైస్కూలు కింద
ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ ఇనుప గొడ్డుకి మేత వేస్తున్నాను.
నాన్న రోజుల్లో బొగ్గు, నా చేతికొచ్చేసరికి నూనె, ఇప్పుడు గ్యాసు.
దగ్గు మాత్రం మారలేదు.

మా తాత వ్లాదిస్లావ్ గనిలోకి దిగే రోజుల్లో
వారంలో ఒకనాటి కూలి ఇటుకలకిచ్చాడట.
గుమ్మం పక్క ఇటుక మీద ఆయన బొటనవేలి అచ్చుందని
నానమ్మ నన్నెత్తుకుని చూపించేది.
నాకెన్నడూ కనపడలేదు.
కనపడిందనే చెప్పాను.

ఫ్యూజుల పెట్టె వెనక దొరికింది మొదటి ఏటి హాజరు పట్టీ.
ఐర్లండు నుంచి వచ్చిన సిస్టర్ అట్రాక్టా
మా పోలిష్ పేర్ల దగ్గర కాలు జారి
సగం రాసి, కొట్టేసి, మళ్లీ రాసి,
ఒకడికి మాత్రం విసుగెత్తి
‘చివరి బెంచీ పొడుగువాడు’ అని పెట్టింది.
ఆ పొడుగువాడు మా తాత తమ్ముడు.

గని మూతపడింది. తర్వాత పట్టు మిల్లు.
తర్వాత, మేమెవ్వరం నమ్మలేదు గానీ, బేకరీ కూడా.
చిల్లుకుండలో నీళ్లలా ఊరు ఖాళీ అయింది.
ఒక ఏడు చివరి తరగతిలో ఏడుగురే మిగిలారు,
ఫుట్‌బాల్ జట్టుకి చాలక పాటల బృందం పెట్టుకున్నారు,
అందులో ఇద్దరికే గొంతు.
నన్‌లు ఒక్కొక్కరే కొండమీది సమాధుల వరసలోకి మారారు.
బిషప్పుగారి ఉత్తరం ఒకే కాగితం.
‘విచారంతో’ అన్న మాట రెండుసార్లుంది.
జూన్‌లో తాళం.

ఎవరు నిలబెట్టారని అడిగితే
ప్రిన్సిపాల్‌గారు పైకి చూపిస్తారు.
నేను వంటగది వైపు చూపిస్తాను.
హైవే పక్క గోదాములో రాత్రి షిఫ్టు దిగి
కళ్లు ఎర్రగా వచ్చింది యోకాస్తా పెగేరో:
“ఫీజు మొత్తం కట్టలేం. మీ పొయ్యిలు ఊరికే ఉన్నాయి కదా?”

మొదటి శుక్రవారం
హాలు ఈ కొసన మా ముసలమ్మల పియెరోగీలు,
ఆ కొసన డొమినికన్ తల్లుల పాస్తెలీతోలు.
మధ్యలో సముద్రమంత నేల. తుడిచింది నేనే, నాకు తెలుసు దాని పొడవు.
ఐదో శుక్రవారం మా హెలీనా పిన్నికి నూనె అయిపోయింది.
గిన్నె పట్టుకుని దాటింది.
అంతే.
చరిత్ర రాసేవాళ్లు ఆ గిన్నె సంగతి రాయరు.

బిషప్పుగారు ఒక ఏడాది ఇచ్చారు, గొణిగి మరొకటి.
ఇప్పుడు నూట డెబ్బై ఆరుగురు.
జిమ్‌లో కప్పు ఇంకా కారుతుంది, రెండు బకెట్లు పెడతాను.
‘ఇది మా బడి కాదు’ అని
ఫ్లోరిడా నుంచి పాత విద్యార్థి ఒకాయన ఏటా రాస్తాడు,
చెక్కు మాత్రం ఎన్నడూ జతచేయడు.

పై గదిలో ఏం మాట్లాడినా
ఆవిరి గొట్టంలోంచి నాకు వినపడుతుంది.
ఈ ఉదయం లెక్కల మాస్టారు కుపియెత్స్
కొత్త పిల్ల పేరు దగ్గర ఆగాడు.
“యా... యాని...”
“యానెల్కిస్, సర్.”
మళ్లీ తప్పాడు. ఎవరో నవ్వారు.
కుర్చీ జరిగిన చప్పుడు. కలం మూత తీసిన చప్పుడు.
అక్షరం అక్షరం చెప్పమన్నాడు.
చెప్పింది.
రాసుకున్నాడు.

నేను మంట కొంచెం పెంచాను.