నీటిమట్టం గడి

ఆదివారం పొద్దున ఐదున్నర.
జూన్‌లో ఇక్కడ చీకటి ఇలా వచ్చి అలా పోయే చుట్టం.
నార్తాంప్టన్‌కి ఉత్తరాన, రిజర్వాయరు ఒడ్డున
గొర్రెల పొలాన్ని ఆనుకుని ఒక చెక్కగది.
దానికి కిటికీ లేదు, కంటికి సరిపడా చీలిక ఉంది.
లోపల తడికోటు వాసన,
మూత బిగిసిన ఫ్లాస్కు,
కూర్చునేటప్పుడు డోరీన్ ప్లమ్‌ట్రీ గారి మోకాళ్లు చేసే చప్పుడు.

ముప్ఫై ఒక్క వేసవులుగా ఆమె ఇక్కడి గూళ్లు లెక్కపెడుతోంది.
నాకిది మూడోది.
"పేరు తర్వాత. ముందు అది ఎలా తింటుందో చూడు"
అన్నది ఆమె నాకు చెప్పిన మొదటి పాఠం.

నీళ్ల నడుమ తెప్ప, తెప్ప మీద పోసిన గులకరాళ్లు,
రాళ్ల మధ్య, రాళ్లలాగే, టెర్న్ పిల్లలు.
గోదావరి లంకల్లో దీని చుట్టాన్ని
రామదాసు అంటారని చెప్పాను.
ఎందుకంది.
తెలీదు. తల వంచుకుని ఎగురుతుంది చూడండి,
నీళ్లలో పడేసుకున్నదేదో వెతుకుతున్నట్టు.
ఆమె పెన్సిలు తడుపుకుని రాసుకుంది:
రామడాసు, పదకొండు జంటలు.

ఇక ఆ పెద్ద మునుగుడు కోడి.
నెత్తిన తురాయి, చెంపల కింద ఇటుకరంగు కుచ్చు.
రెల్లు మొదట్లో కుళ్లిన ఆకులు పోగేసి
కట్టుకుందనలేం, తేలవేసుకుంది గూడు.
మే నెలలో దాని కింద మూరెడు నీళ్లు.
ఇవాళ బురద.
బురదలో నక్క అడుగులు,
గూడు దాకా రాలేదింకా.

నేను నీళ్ల కంపెనీలో ఏదో ఆఫీసు పని చేస్తానని
డోరీన్ గారికి తెలుసు.
ఆ ఏదో ఏమిటంటే
సోమవారం నుంచి నాలుగు తెరల ముందు కూర్చుని
ఏ ఊరికి ఎంత దాహమో చూసి
ఈ నీళ్లని అంత కిందికి లాగడం.
వాన మొహం చూడని ఆరు వారాలు,
రోజుకి రెండు సెంటీమీటర్లు.
తెర మీద అదొక నీలం గీత.
గీత మీద ఎవరూ గుడ్లు పెట్టరు.

చెప్పేశాను.
బైనాక్యులర్స్ కళ్ల నుంచి తీయకుండానే,
ఆమె మొహం చూడాల్సి వస్తుందని.

ఫ్లాస్కు మూత తిరిగింది, ఆగింది.
"రాత్రి నా చిక్కుడు పాదులకి రెండు బకెట్లు పోశాను" అంది.
కాసేపాగి, "మూడు."

అప్పుడు లేచింది గూట్లో పక్షి.
మూడు గుడ్ల మీద తడి ఆకులు కప్పింది,
చలికి కాదు, కళ్లకి.
కాళ్లు మరీ వెనక్కి పెట్టి పుట్టిన ప్రాణం,
నేల దానికి రాని భాష.
పడుతూ, రొమ్ముతో బురదని దున్నుకుంటూ
నీటి అంచు చేరింది. చేరాక
ఎప్పుడూ అవమానం ఎరగనిదానిలా ఈదింది.

అక్కడ దాని జోడు.
జోడు వీపు మీద రెక్కల సందులోంచి
చారల చారల చిన్న తల.
ఒకటి పొదిగిందన్నమాట!
తల్లి తన ఒంటి ఈక ఒకటి పీకి
దాని నోట్లో పెట్టింది.
చేపముల్లు గుచ్చుకోకుండా
లోపల ముందే పరిచే పరుపట.
డోరీన్ గారు గుసగుసగా చెప్పింది,
నాకు చెప్పడం ఇది నాలుగోసారి,
నేను వినడం మొదటిసారి.

నోట్‌బుక్కు నా వైపు జరిపింది.
గుడ్లు: మూడు. పిల్లలు: ఒకటి.
నీటిమట్టం గడిలో ముప్ఫయ్యేళ్లుగా
"తగ్గింది", "బాగా తగ్గింది", "ఫర్వాలేదు."
"నీకు తెలుసుగా, సరిగ్గా రాయి."

రాశాను, మిల్లీమీటర్లతో సహా.
రేపటి అంకె కూడా నాకు తెలుసు.
పెన్సిలు తిరిగి ఇచ్చేశాను.