నలభై ఒకటికి పది

గజపతినగరంలో చంపావతి వంతెన దాటాక
టైర్ల కొట్టు వెనక మా షెడ్డు.
ఇక్కడికొచ్చేవన్నీ పది చక్రాల బండ్లు,
ఉల్లిపాయలు మోసుకుని ఒడిశా ఘాటీ ఎక్కి
నడుం పట్టేసి దిగొచ్చినవి.
ఆ బుధవారం మాత్రం
మోకాలెత్తు ఎర్ర బండొకటి నేల వాసన చూసుకుంటూ వచ్చి ఆగింది.
రెండే తలుపులు. రెండే సీట్లు.
కింద దూరడానికి పిల్లికైనా జాగా లేదు.

దిగింది బొబ్బిలి పళ్ళ డాక్టరు సుభాషిణి గారు.
"చదునులో బాణమే. ఎత్తు వస్తే
మూడో గేరులో ఏడుస్తుంది" అన్నారు.
డిక్కీలోంచి చెక్కపెట్టె తీశారు,
జపాను నుంచి మూడు నెలలు ఓడలో నానిన
క్రౌనూ, పినియనూ.

గౌరీసు మావ పెట్టె తెరవలేదు.
బీడీ చెవిమీద పెట్టుకుని బండి చుట్టూ తిరిగి
"ఎక్కడం కొనుక్కోవాలంతే
పరుగు అమ్ముకోవాలమ్మా. తయారేనా?"
ఆవిడ తయారే.

నల్లనూనె బేసిన్లోకి దిగింది
గంధకం కంపుతో.
ఎందుకో నాకా కంపుకే ఆకలేస్తుంది.

షాఫ్టు విప్పి, ఇరుసులు లాగి
పాత పళ్ళు సుద్దముక్కతో లెక్కపెట్టాను:
క్రౌనుకి నలభై మూడు, పినియనుకి పన్నెండు.
కొత్త జంటకి నలభై ఒకటి, పది.
"నలభైకి పదైతే లెక్క సులువు కదా మావా?"
"సులువేరా. అప్పుడు ఒక్కో పన్నుకి
జన్మంతా అయ్యే నాలుగు పళ్ళు.
ఒకటి వంకరైతే నాలుగూ సత్తాయి.
ఇలాగైతే అందరికీ అందరూ తగుల్తారు.
అదే మొకం మల్లీ సూడాలంతే
నలభై ఒక్క సుట్లు తిరగాల."

ఉల్లిపొరంత షిమ్ములు.
పెట్టాడు, తీశాడు, పెట్టాడు.
చేపల కొట్టు నుంచి ముల్లు కాటా తెప్పించి
పినియను మెడకి నైలాను తాడు చుట్టి లాగాడు.
రెండు కిలోల దగ్గర కదిలింది.
కాటాకి ఇంకా పొలుసులు అంటుకునే ఉన్నాయి.

తర్వాత ఆముదంలో సింధూరం కలిపి
పళ్ళకి పూసి, మెల్లగా తిప్పి, టార్చి పట్టమన్నాడు.
మరక పంటి చివర పడింది.
డాక్టరు గారు కిందకి వంగి చూసి నవ్వారు.
"మేమూ ఇంతే. కొత్త పన్ను కట్టాక
నీలం కాగితం పెట్టి కొరకమంటాం.
మరక పడ్డచోట అరగదీస్తాం."
మావ తల అడ్డంగా ఊపాడు.
"మాకా సదుపాయం నేదమ్మా.
పన్ను ముట్టుకోకూడదు.
అది నిలబడ్డ సోటు మార్చాల."

ఇంకో షిమ్ము.
ఇంకో షిమ్ము తీసేశాడు, నాకు చెప్పకుండానే.
చిక్కుడు గింజంత ఎరుపు
పంటి నడుమకి వచ్చి కూర్చుంది.
అప్పుడు బీడీ వెలిగించాడు.

పొద్దుగూకాక రామభద్రపురం దాకా పోనిచ్చాం,
కొత్త పళ్ళు కదా, తొందర పెట్టకుండా.
డాక్టరు గారు నడుపుతున్నారు, పక్కన నేను.
ఎత్తు వచ్చింది. మూడో గేరు.
ఏడవలేదు.
మీటరు ఎనభై చూపిస్తోంది.
నేను కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టాను, ఫోనులో సెకన్లు:
రాయికీ రాయికీ యాభై ఒకటి.
అంటే డెబ్బై.
మళ్ళీ చూశాను. డెబ్బైయే.

షెడ్డుకొచ్చి చెప్తే మావ నవ్వాడు.
"ఎనక పల్లు మార్సిన సంగతి
దానికి ఎవులు సెప్పారేటి?
పాత లెక్కే పాడతాది."
సరిచేయమంటారా అని అడిగాను.
"ఉండనీ బాబూ, పోలీసులకి మంచిదే" అన్నారావిడ.

పాత జంటని బైండింగు తీగతో కలిపి కట్టి
మూల పెట్టాం. విడదీస్తే రెండూ ఇనుమే.

డబ్బులిస్తూ డాక్టరు గారు
మావ నోట్లోకి చూశారు, దీపం కింద.
"కింద ఎడమవైపు రెండు పోయాయి.
శనివారం రండి, నేను కడతాను."
వస్తానమ్మా అన్నాడు.

ఎనిమిది శనివారాలైంది.
కుడివైపే నములుతాడు.